చెనక్కాయ లొట్ట పోకుండా జిప్సం

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎర్ర నేలల్లో జులైలో విత్తిన వర్షాధార వేరుశనగ ఇప్పుడు పూత మీద ఉంది, ఊడలు దిగుతున్నాయి. తిరుపతి పరిశోధన స్థానం విడుదల చేసిన ధరణి, నారాయణి అయినా, కదిరి-6 అయినా, కాయలో పప్పు నిండడానికి ఈ దశలో కాల్షియం అందాలి.

కాయకు కాల్షియం ఎలా చేరుతుంది?

వేర్లు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కుతుంది. అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగి కాయను చేరదు. అందుకే ఊడ, లేత కాయ చుట్టూ మట్టి తేమలో కరిగిన కాల్షియాన్ని పైపొర గుండా నేరుగా తీసుకుంటాయి. చిక్కగా ఉన్న చోటి నుంచి పలుచగా ఉన్న చోటికి పదార్థం ఇలా జరగడమే వ్యాపనం. ఇది తేమలోనే సాగుతుంది. మన్ను ఎండితే కాల్షియం కోసం ఎంత జిప్సం వేసినా దండగే.

ఏం చేయాలి?

విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య కలుపు తీసి, పదునున్నప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం సాళ్ల వెంట మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. 45 రోజులు దాటాక అంతరకృషి వద్దు, ఊడలు తెగుతాయి. ఊడలున్న చోట పొటాష్ వేయకండి, అది కాల్షియానికి పోటీ అవుతుంది.

యూరియాతో జాగ్రత్త

జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది, కాబట్టి వేరును మాడ్చదు. యూరియా అలా కాదు, ఇట్టే కరుగుతుంది. తేమ తక్కువున్న మట్టిలో వేరు చుట్టూ ద్రావణం చిక్కబడుతుంది. కణపొర నీటిని పోనిచ్చినంత తేలిగ్గా ఎరువును రానివ్వదు. దాంతో ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లా వేరులోని నీరే బయటికి ఊరుతుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. ఉప్పు బోరు నీటితోనూ ఇదే చిక్కు: చేలో తడి ఉన్నా మొక్క వాడుతుంది.

బెట్ట తర్వాత వాన పడితే లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. మోతాదు పెంచినా, ఎండలో కొట్టినా ఆకు అంచులు మాడతాయి.

మట్టి, బోరు నీటి పరీక్షల కోసం మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. ఈ వారం పదును దొరికితే ముందు జిప్సం పని ముగించండి.