డ్యూటీకి వెళ్లే ఇంట్లో కోళ్లు

పుదుచ్చేరిలో పెరట్లో కోళ్లు పెంచుకుందామనుకునే మన తెలుగువాళ్లకు కోళ్లు కొత్తేమీ కాదు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వోద్యోగులు, జిప్మర్‌లో నర్సులు, సేదరాపేట ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు అందరూ చిన్నప్పుడు కోళ్ల గంప మూసినవాళ్లే. అయినా ఇక్కడ మొదలుపెట్టిన కొన్ని నెలలకే చాలామంది విసిగి మానేస్తున్నారు. ఊళ్లో నాయనమ్మ ఉండేది. పొద్దున్నే గంప ఎత్తేది, ఎండెక్కితే నీళ్లు మార్చేది, గద్ద కనిపిస్తే కేకేసేది, చీకటి పడేసరికి లెక్కపెట్టి మూసేది. ఇక్కడ ఆలుమగలిద్దరూ పనికి వెళ్తే పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా పెరట్లో మనిషి ఉండడు. కుక్క రావడం, నీళ్ల గిన్నె ఒలికిపోవడం, ఎండకు కోడి సొమ్మసిల్లడం, అన్నీ ఆ గంటల్లోనే జరుగుతాయి. కాబట్టి ఏది కొన్నా, ఏది కట్టినా ఒక్కటే ప్రశ్న వేసుకోండి: నేను లేనప్పుడు ఇది తనంతట తాను నడుస్తుందా?

అద్దె ఇల్లయితే ముందు ఇంటి ఓనరుతో మాట్లాడండి, ఆ తర్వాత గోడకు అవతలివాళ్లతో. మొదటిసారి నాలుగైదు పెట్టలు చాలు. పుంజు వద్దు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పనిలేదు. ఆ గుడ్డు పిల్ల అవ్వదు, తినడానికి మాత్రం తేడా ఏమీ ఉండదు. గోడకు గోడ ఆనుకున్న వీధిలో, రాత్రి డ్యూటీ చేసి తెల్లవారుజామున పడుకునేవాళ్లు పక్కింట్లో ఉన్నప్పుడు, నాలుగింటికి కూసే పుంజు వల్ల వచ్చే తగాదా పెట్టల పెంపకానికే ఎసరు పెడుతుంది.

ఏ జాతి అన్నది మీ తీరికను బట్టి తేల్చుకోవాలి. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టి, పొదుగుకు కూర్చుని, పిల్లల్ని తనే సాకుతుంది. గుడ్ల కోసమే పెంచేవాళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన గ్రామప్రియ నయం. పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా మంచి బరువు తూగుతుంది, గుడ్లు మాత్రం నూరూ నూటపది దగ్గర ఆగుతాయి. లెక్క ముందే చూసుకోండి. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఐదు పెట్టలకు నెలకు పదహారున్నర కిలోలు. ఐదు గ్రామప్రియలు నెలకు సగటున డెబ్భై గుడ్లిస్తాయి. అంటే ఒక్కో గుడ్డుకు పావు కిలోకి కాస్త తక్కువ దాణా. మీ వీధి కొట్లో దాణా ధరతో గుణిస్తే, లాభం కోసం పెంచుతున్నామా, ఇంట్లో పిల్లలకు మంచి గుడ్డు కోసం పెంచుతున్నామా అన్నది తేలిపోతుంది. రెండోదే సరైన కారణమని నా అభిప్రాయం.

ఒక్కరోజు వయసు కోడిపిల్లల జోలికి ఉద్యోగస్తులు వెళ్లకూడదు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మీరు ఆఫీసులో ఉండగా కరెంటు పోయి బల్బు ఆరిపోతే పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. వీధుల్లో రంగులద్ది అమ్మే పిల్లలు చాలావరకు హేచరీలు వద్దనుకున్న మగ పిల్లలు. ఇంట్లో పిల్లలు ఎంత మారాం చేసినా వాటిని కొనకండి. టీకాలన్నీ వేసిన ఎనిమిది పది వారాల పెట్టలను కొంటే డబ్బు కాస్త ఎక్కువైనా కష్టంలో సగం తీరినట్టే.

ఇక గూడు. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. నవంబరు నెలాఖరులో ఈ ఊళ్లో సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. మీరు ఇల్లు చేరేది ఏడింటికి. కోళ్లు వాటంతటవే గూట్లోకి పోతాయి, కానీ తలుపు మూసేవాళ్లుండరు. కుక్కకూ, పిల్లికీ, ముంగిసకూ ఆ గంట చాలు. అందుకే గూటిని, పగలు తిరిగే దొడ్డిని ఒకదానికొకటి ఆనించి, పైకప్పుతో సహా మొత్తం మెష్ వేసి ఒకే గదిలా కట్టించండి. అప్పుడు మీరు బస్సు తప్పిపోయి తొమ్మిదింటికి వచ్చినా ఏమీ కాదు. మార్కెట్లో తేలిగ్గా దొరికే ఆరు మూలల కోళ్ల జాలీ కోడిని ఆపుతుందేమో గాని కుక్కను ఆపదు. పట్టి లాగితే చిరిగిపోతుంది. అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ వేస్తే పాములు, ఎలుకలు కూడా ఆగుతాయి. ఇక్కడి పాత పెరళ్లలో పందికొక్కుల బెడద చాలా ఎక్కువ. మెష్‌ను నేలలోకి ఒక అడుగు దించకపోతే కింది నుంచి తవ్వుకుని వస్తాయి. రాత్రి పడుకునే గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు, పగలు తిరిగే చోట ఎనిమిది నుంచి పది అడుగులు ఉండాలి. ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పొడిచి పీకుతాయి.

గూటి నేల ఎంత ఎత్తులో ఉండాలో చెప్పడానికి ఈ ఊళ్లో ఒక కొలత ఉంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రోజులో సుమారు 48 సెంటీమీటర్ల వాన పడింది. కృష్ణానగర్‌లో ఇళ్లలో చిక్కుకున్నవాళ్లను సైన్యం వచ్చి బయటికి తీసింది. అప్పుడు మీ పెరట్లోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో పాత కాపురస్తులను అడగండి, ఆ గీతకు జానెడు పైన గూటి నేల వేయించండి. 2011 డిసెంబరు 30న థానే తుపానుకు చెట్లు పెళ్లగిలి పడిన ఊరు కూడా ఇదే, అందుకని మునగలాంటి పెళుసు చెట్టు కింద గూడు పెట్టకండి. తుపాను హెచ్చరిక రాగానే కోళ్లను గంపల్లో పెట్టి ఇంట్లోకి తెచ్చుకోవడమే మంచిది. ఆ గంపలు ముందే ఇంట్లో ఉండాలి, ఆ రోజు వెతికితే దొరకవు.

ఇక్కడ మరో చిక్కుంది. వేసవి మధ్యాహ్నం చల్లగాలి వచ్చేది సముద్రం వైపు నుంచి, తూర్పు నుంచి. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల జల్లు కొట్టేదీ ఇంచుమించు అటు నుంచే. ఆ వైపు గోడ కట్టేస్తే మే నెలలో కోళ్లు ఉడికిపోతాయి, పూర్తిగా వదిలేస్తే నవంబరులో గూట్లో పరిచిన ఊక తడిసి ముద్దవుతుంది. తూర్పు వైపు మెష్ మాత్రమే వేసి, పైన చుట్టి కట్టుకునే టార్పాలిన్ తెర పెట్టండి. వానాకాలంలో డ్యూటీకి వెళ్లేముందు దాన్ని ముప్పాతిక వంతు దించి వెళ్తే సరిపోతుంది. పైన సందు ఉంటేనే రెట్ట ఆవిరి బయటికి పోతుంది. తడిసిన ఊకను వెంటనే తీసి పొడి ఊక, కాస్త సున్నం చల్లాలి. దుర్వాసన, ఈగలు, రక్తవిరేచనాల జబ్బు మూడింటికీ మూలం ఆ తడే.

వేసవి ఇంకా కష్టం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే వేడి వదులుకుంటుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ రొప్పడం కూడా అంతగా పనిచేయదు. పొద్దున ఎనిమిదింటికి పెట్టిన ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు పదకొండుకల్లా కాగిపోతాయి, కాగిన నీళ్లు కోడి తాగదు. నీళ్లు రెండు చోట్ల పెట్టండి, ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది. రోజంతా నీడ ఉండే మూల మట్టి పాత్రలో పెడితే చల్లగా ఉంటాయి. పాత్ర కింద రెండు ఇటుకలు వేస్తే రెట్ట పడదు. దాణా తెల్లవారుజామున, చీకటి పడేలోపు ఇంట్లో మనిషి ఉంటే సాయంత్రం కూడా వెయ్యండి. నడి ఎండలో అరిగించుకునే వేడి కూడా కోడికి భారమే. ఎవరైనా మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లుంటే పైకప్పు మీద తడి గోనెసంచి పరిచి వెళ్లడం చిన్న పని, కానీ మే నెలలో కోడి బతకడం దానిమీదే ఆధారపడొచ్చు. నీళ్లు రోజూ మార్చి గిన్నె తోమాలి. దోమలపై పరిశోధనకు 1975 నుంచి కేంద్ర సంస్థ పనిచేస్తున్న ఊరిది, ఇక్కడ నిల్వ నీటి సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. కోళ్లకు వచ్చే మశూచిని కూడా దోమలే అంటిస్తాయి.

దాణా కొట్లో తెలుగు చెల్లదు కాబట్టి నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. తవుడును ఇక్కడ తవిడు అంటారు, నూకలను కురుణై, సజ్జలను కంబు, మొక్కజొన్నను మక్కాచోళం. వట్టి నూకలూ మిగిలిన అన్నమూ పెట్టి గుడ్లు రాలేదంటే కుదరదు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా సగమైనా ఉండాలి. ఆల్చిప్పలు పొడిచేసి వేరే గిన్నెలో ఉంచితే కావలసినంత కోడే తింటుంది, గుడ్డు పెంకు గట్టిపడుతుంది. చేపలు దొరికే ఊరు కదా అని ఉప్పు పట్టించిన ఎండుచేప (కరువాడు) వెయ్యకండి, ఆ ఉప్పు కోడిని చంపగలదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క అంతకంటే ప్రమాదం. తేమ ఎక్కువైన ఈ ఊళ్లో నెలకు మించి దాణా కొని పెట్టుకోకుండా, మూత ఉన్న రేకు డబ్బాలో దాచండి.

జబ్బుల్లో అన్నిటికంటే భయపడాల్సింది మనం కొక్కెర తెగులు అనేది. ఇక్కడివాళ్లు వెళ్ళై కళిచ్చల్ అంటారు, డాక్టరు రాణికేట్ అంటారు. తెల్లగా, పచ్చగా నీళ్ల విరేచనం, మెడ తిరిగిపోవడం, రెక్కలు వేలాడటం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో కంటిలో చుక్క లసోటా, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి సూది. నాలుగు కోళ్లున్న మనకు వచ్చే ఇబ్బంది ఏమిటంటే, టీకా సీసా వంద డోసులో అంతకంటే ఎక్కువో ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. మీ ఒక్కరి కోసం సీసా విప్పడం దండగ. వీధిలో కోళ్లున్న నాలుగైదు ఇళ్లు కలిసి ఒక ఆదివారం పెట్టుకోండి, లేదా పశుసంవర్ధక శాఖ ఆసుపత్రిలో టీకా వేసే రోజు కనుక్కుని గంపలో తీసుకెళ్లండి. సలహాలకు కురుంబాపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది, కృషి విజ్ఞాన కేంద్రమూ అక్కడే ఉంది. మందుల షాపులో మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు కొని నీళ్లలో కలపడం మాత్రం చేయకండి. ఆ మందు గుడ్డులోకి దిగుతుంది, ఆ గుడ్డు తినేది మీ పిల్లలే.

ఊరి నుంచి తిరిగొస్తూ ఒక జత నాటు కోళ్లు తెచ్చుకోవాలని ఎవరికైనా ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అదే ఏడాది పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఆ వైరస్‌కు ప్రాణం కోల్పోయింది. అలాంటి వార్త ఉన్నప్పుడు అక్కడి నుంచి కోడిని గాని, ఈకలంటిన పాత గంపను గాని తేవొద్దు. మామూలు రోజుల్లో తెచ్చినా మూడు వారాలు విడిగా ఉంచి, ముందు పాత కోళ్లకు మేత వేశాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే కోసుకుని తినకుండా, చెత్తకుండీలో వెయ్యకుండా పశువుల ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. పిల్లలు కోళ్లతో ఆడాక సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నది ఇంట్లో కచ్చితమైన నియమం కావాలి.

అక్టోబరు, నవంబరు వచ్చేసరికి గుడ్లు ఒక్కసారిగా తగ్గుతాయి. దీపావళి టపాసుల బెదురు, పొట్టి పగళ్లు, వాన, ఈకలు రాల్చే కాలం అన్నీ కలిసి వస్తాయి. ఈకలు రాలిన పెట్ట రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు, అది జబ్బు కాదు. మేత మాత్రం తగ్గించకండి, కొత్త ఈకలకు మాంసకృత్తులు కావాలి.

చివరగా సెలవులు. ఒక్క రాత్రికి పెద్ద దాణా గొట్టం, రెండు నీళ్ల పాత్రలు సరిపోతాయి. సంక్రాంతికి యానాం వెళ్తే మూడు నాలుగు రోజులు, అప్పుడు మనిషి తప్పదు. మన పండగ, ఇక్కడి పొంగల్ ఒకే రోజుల్లో కాబట్టి పక్కింటివాళ్లు చాలావరకు ఇంట్లోనే ఉంటారు. పండగ హడావుడిలో వాళ్లకు భారం కాకుండా రోజుకు రెండుసార్లు చూస్తే చాలేటట్టు అన్నీ సిద్ధం చెయ్యండి. బయలుదేరేముందు ఒక రోజు మీరు పక్కనుండగానే వాళ్లచేత మేత వేయించండి. ఎంత వెయ్యాలి, నీళ్లెక్కడ, డాక్టరు నంబరు ఎంత అన్నది తమిళంలో రాయించి గూటి తలుపుకు అంటించండి. ఆ నాలుగు రోజుల గుడ్లు వాళ్లవేనని ముందే చెప్పి, రెండో తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి రైలెక్కండి.