అన్వేషణము – నిర్వేదము

శ్రీమద్రామాయణమునందలి సుందరకాండమును కష్టనివారణకై పారాయణము చేయు ఆచారము తెలుగునాట చిరకాలముగా గలదు. పిల్లల వివాహము కుదురవలెనన్నను, చదివిన బిడ్డకు ఉద్యోగము దొరకవలెనన్నను పెద్దలు మొదట సూచించునది ఈ కాండమునే. ఉద్యోగమునకై తిరుగుచున్న యువతీయువకులు దీనిని ఫలమును కోరి పఠించుటతో ఆగక, అర్థమును కూడ విచారింపవలెను. ఏలయన ఇది ఒక అన్వేషణ కథ. వెదకువాని మనస్సు ఎట్లు క్రుంగునో, క్రుంగిన మనస్సు మరల ఎట్లు లేచునో వాల్మీకి మహర్షి ఇందు విపులముగా చూపినాడు.

చదువు ముగిసిన తరువాతి మొదటి రెండు మూడేండ్లు నేటి యువతకు కఠినమైన కాలము. హైదరాబాదు నగరమున చిక్కడపల్లి గ్రంథాలయమునందును, అశోక్‌నగర్ వీథులలోని శిక్షణ కేంద్రములందును సర్వీసు కమిషను పరీక్షలకు చదువు అభ్యర్థులను చూచినవారికి ఈ సంగతి తెలియును. ప్రకటన ఎప్పుడు వెలువడునో తెలియదు. పంపిన దరఖాస్తులు కొన్నింటికి సమాధానమే రాదు. ఇంటినుండి వచ్చిన సొమ్ము అందుకొనునపుడు చేయి వణకును. పండుగకు ఊరికి పోయినచో, “ఏమి చేయుచున్నావు నాయనా?” అని అడుగు వారికి ఏమి చెప్పవలెనని వెనుకాడి, కొందరు ప్రయాణమునే మానుకొందురు. క్రమముగా “ఉద్యోగము రాలేదు” అను మాట “నేను పనికిరాను” అను మాటగా మారును. మొదటిది జరిగిన విషయము; రెండవది నిర్వేదము కల్పించినది.

సీతాన్వేషణమునకై సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపి, ఒక మాసము గడువు విధించెను. దక్షిణమునకు పోయిన అంగదాదులు ఋక్షబిలమునందు చిక్కుకొనగా గడువు దాటిపోయెను. రిక్తహస్తములతో మరలుటకు భయపడి అంగదుడు ప్రాయోపవేశమునకు కూర్చుండెను; తోడివారును అట్లే కూర్చుండిరి. సంపాతి వచ్చినది అచ్చటికే. సీత లంకలో నున్నదను వార్త వారికి అందినదియు అచ్చటనే. ఇక చేయునది లేదని తలచినచోటనే దారి తెలిసినది.

లంక చేరిన హనుమంతునకును ఇట్టి దశయే కలిగెను. ఆయన రావణుని అంతఃపురమును, పానశాలను, లతాగృహములను, చిత్రశాలలను వెదకెను. మండోదరిని చూచి సీతయేయని క్షణకాలము పొంగిపోయి, కాదని తెలిసికొనెను. చేతికందినట్లే యుండి జారిపోయిన ఉద్యోగమును చూచినవారికి ఈ ఘట్టము వేరుగా వివరింప నక్కరలేదు. పదుమూడవ సర్గలో ఆయన దుఃఖము పరాకాష్ఠ నందెను. తాను సీతను చూడలేదని చెప్పినచో రాముడు జీవింపడు. లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరులు ఒకరి వెనుక ఒకరు నశింతురని ఊహించెను. మరలిపోవుట కంటె అగ్నియందో జలమునందో ప్రవేశించుట మేలని తలచెను. ఆ ఊహలలో ఒక్కటియు జరుగలేదు! మహాబుద్ధిశాలియైన ఆంజనేయుడే అలసిన రాత్రి ఇట్లు లెక్కించినపుడు, సామాన్యుడైన యువకుడు తన ఓటమితో ఇల్లు కూలిపోవునని తలచుట ఆశ్చర్యము కాదు. ఆ సమయమున మనస్సు వేయు లెక్కలను నమ్మరాదు.

పిమ్మట హనుమంతుడు, బ్రతికియున్నవానికే శుభములు కలుగునని నిశ్చయించుకొనెను. అపుడు తాను వెదకని అశోకవనము ఒకటి కలదని ఆయనకు కనబడెను. వెంటనే అందులోనికి దూకలేదు. రామలక్ష్మణులకును, జానకికిని, దేవతలకును నమస్కరించి, ఆ పిదపనే అడుగిడెను. షడ్విధ శరణాగతియందు కార్పణ్యము ఒకటి. తన శక్తి చాలదని భగవంతుని యెదుట ఒప్పుకొనుటయే కార్పణ్యము. నిర్వేదమును “నా వల్ల కాదు” అనియే పలుకును. కాని నిర్వేదము గోడవైపు తిరిగి పలుకును. కార్పణ్యము స్వామి పాదములవైపు తిరిగి పలుకును. మొదటిదానివలన కాళ్ళు చచ్చుబడును. రెండవదానివలన భారము తగ్గి, మరల వెదకుటకు బలము కలుగును.

ఇందు గృహస్థులు గ్రహింపవలసినదియు గలదు. తూర్పు, పడమర, ఉత్తర దిక్కులకు పోయిన వానరులు సీతను కానక మరలివచ్చిరి. సుగ్రీవుడు వారిని దండించినట్లు వాల్మీకి చెప్పలేదు. సముద్రతీరమున ఒంటరిగా మౌనముగా కూర్చున్న హనుమంతునియొద్దకు జాంబవంతుడు తానుగా పోయి, ఆయన జన్మమును, బలమును జ్ఞాపకము చేసెను. ఇతరులతో పోల్చి సిగ్గుపరుపలేదు. ఇంటిలో మౌనముగా నుండు బిడ్డను “ఇంకను రాలేదా?” అని నిత్యము అడుగుట సులభము. జాంబవంతుని వలె ప్రక్కన కూర్చుండుట పెద్దల ధర్మము.

చావు తలంపు కలిగినవారు దానిని దాచుకొనరాదు. తల్లిదండ్రులకో, మిత్రునకో, వైద్యునకో చెప్పవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా లభించును. సంపాతి ఏ రూపమున వచ్చునో మనకు తెలియదు గదా!

పారాయణము చేయువారు పదుమూడవ సర్గవద్ద కొంత తడవాగి, హనుమంతుడు ఆ రాత్రి ఏమి తలచెనో, ఏమి మానెనో, ఎటు నడచెనో మననము చేయుదురుగాక. వెదకని వనము ఎవ్వరికైనను ఒకటి మిగిలియే యుండును. అన్వేషణమున నలిగిన బిడ్డలందరికిని శ్రీనివాసుడు ధైర్యమును, తగిన జీవనోపాధిని అనుగ్రహించుగాక!