కారు సామాన్లు: ఏది కొనాలి? ఏది బాగు చేయించాలి?

ఉదయగిరి, ఆత్మకూరు వైపు కొన్ని కుటుంబాలు పాత కారు కొని బాడుగకు తిప్పుతుంటాయి. ఆసుపత్రికి, పెళ్లికి, నెల్లూరులో పనికి జనం ఆ కార్లలో పోతారు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. కారు షెడ్డులో నిలబడితే బాడుగ రాదు. అప్పు కంతు మాత్రం ఆగదు. అట్లా అని ఏదో ఒక సామాను వేయించి పంపితే, ఆ కారులో కూర్చునే వాళ్ల ప్రాణానికి ముప్పు. అందుకే సామాన్ల సంగతి ఇంటి ఆడవాళ్లకు కూడా తెలియాలి.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఇల్లాలు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తుంది. భర్త కారు నడుపుతాడు. కారు కోసం ఆమె పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఒక రాత్రి ఆత్మకూరు దగ్గర బర్రె అడ్డం వచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు. కారు ముందు భాగం దెబ్బతింది.

మేస్త్రీ కారు చుట్టూ తిరిగి చూశాడు.

"బంపరు పగిలింది. బానెట్ సొట్ట పడింది. ఎడమ లైటు పోయింది. ముందు అద్దం చిట్లింది. అన్నీ కొత్తవి వెయ్యాలక్కా. కంపెనీవి వెయ్యమంటారా, బయటివి వెయ్యమంటారా? బయటివి చవక" అన్నాడు.

"చవకవే వెయ్యి" అన్నాడు భర్త.

"ఉండయ్యా" అని ఆమె ఆపింది. "మేస్త్రన్నా, బయటివి అంటే ఏందో చెప్పు. ఒక్కో సామానుకు ఎంతవుద్దో విడిగా రాసియ్యి. చదువుకుని చెప్తాం."

ఆమె అడిగింది మంచి మాట. మొత్తం లెక్క ఒకేసారి చెబితే ఏది అవసరమో తెలియదు. విడివిడిగా రాస్తే తెలుస్తుంది.

సామాన్లు నాలుగు రకాలు

1. కంపెనీ సామాను. కారు తయారు చేసిన కంపెనీయే తన పేరుతో అమ్ముతుంది. ధర ఎక్కువ. కొలత సరిగ్గా ఉంటుంది.

2. బయటి కంపెనీ సామాను. వేరే కంపెనీ తన సొంత పేరుతో చేసి అమ్ముతుంది. ఇది దొంగ సామాను కాదు. కొన్ని గట్టిగా ఉంటాయి. కొన్నిటికి రేకు పల్చన, బోల్టు రంధ్రాలు కుదరవు.

3. నకిలీ సామాను. ఎవరో చేసి, దాని మీద పెద్ద కంపెనీ పేరు వేస్తారు. ఇది మోసం. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ఇట్లాంటివి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

4. పాత సామాను. విప్పేసిన కార్ల నుంచి తీసినది. డోరు, బానెట్ వంటివి బాగుంటే వాడుకోవచ్చు. తుప్పు ఉందేమో, వంకర ఉందేమో చూసుకోవాలి.

చాలామంది రెండో రకాన్ని, మూడో రకాన్ని కలిపి "డూప్లికేట్" అంటారు. రెండూ ఒకటి కాదు. సొంత పేరుతో అమ్మేవాడు దాచుకోడు. వేరేవాళ్ల పేరుతో అమ్మేవాడు దాచుకుంటాడు.

పెట్టె మీద ఏం చదవాలి?

సామాను పెట్టెలో వస్తే పెట్టెను చూడాలి. తయారు చేసిన వారి పేరు, చిరునామా ఉండాలి. నెల, సంవత్సరం ఉండాలి. గరిష్ఠ ధర ఉండాలి. ఫిర్యాదు చేసేందుకు ఫోను నంబరు ఉండాలి. కంపెనీ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమానించాలి. అచ్చు మసకగా ఉన్నా అనుమానించాలి. పగిలిన పాత సామానును పారేయకూడదు. కొత్తదాని పక్కన పెట్టి బరువు, మందం, రంధ్రాలు పోల్చి చూడాలి.

ప్రాణం కాపాడేవి ఏవి? పైకి కనిపించేవి ఏవి?

అన్నిటికీ కంపెనీ సామానే అక్కర్లేదు. అన్నిటికీ చవకది పనికిరాదు. ఈ సామాను పాడైతే మనిషికి దెబ్బ తగులుతుందా? ఈ ప్రశ్న వేసుకోవాలి.

ముందు అద్దం ప్రాణం కాపాడేది. అది రెండు అద్దాలు, మధ్యలో ప్లాస్టిక్ పొర కలిపి చేసినదై ఉండాలి. అప్పుడు పగిలినా ముక్కలు మొహాన పడవు. పొరకే అంటుకుని ఉంటాయి. అద్దం మూలన ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడాలి.

లైటు కూడా అంతే. నాసిరకం లైటు వెలుగు దారి మీద సరిగ్గా పడదు. రాత్రి గొడ్డు అడ్డం వస్తే కనపడదు. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి.

సీటు బెల్టు, గాలి సంచి కంపెనీవే వేయించాలి. వీటిలో పాతవి అసలు కొనకూడదు.

బంపరు పైతొడుగు ప్లాస్టిక్‌ది. బయటి కంపెనీది మంచిది దొరికితే వేయించుకోవచ్చు. కానీ దాని వెనక ఇనుప పట్టీ ఉంటుంది. గుద్దుకున్న దెబ్బను కాసేది అదే. అది వంగిందేమో విప్పి చూపించమనాలి.

బానెట్ పైమూతే. అయినా దాని తాళం గట్టిగా పడాలి. పరుగులో బానెట్ లేస్తే ముందు అద్దానికి అడ్డం పడుతుంది. దారి కనపడదు.

బాగు చేయించడం

ప్రతి సొట్టకూ కొత్త సామాను అక్కర్లేదు. రేకు చిరగకుండా సొట్ట పడితే టింకరింగ్ మేస్త్రీ కొట్టి సరిచేస్తాడు. తర్వాత పల్చగా పుట్టీ పెట్టి, అరగదీసి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తాడు. ప్రైమర్ లేకుండా రంగు వేస్తే రేకు త్వరగా తుప్పు పడుతుంది.

కొందరు సొట్ట తీయకుండా దాని నిండా పుట్టీ నింపుతారు. పైకి నున్నగా ఉంటుంది. కొన్నాళ్లకు పగిలి ఊడుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. చిన్న అయస్కాంతం తీసుకుని, గుడ్డ చుట్టి, బాగు చేసిన ఇనుప రేకు మీద పెట్టాలి. పట్టుకుంటే మంచిది. జారిపోతే లోపల పుట్టీ మందంగా ఉన్నట్టు.

కారు అడుగు చట్రం వంగినా, పగిలినా సంగతి వేరు. దాన్ని పుట్టీతో కప్పించకూడదు. కొలతలు తీసి సరిచేసే చోటికి పంపాలి.

బీమా ఉంటే

కొందరు ఎదుటివారి నష్టానికి మాత్రమే బీమా కడతారు. దాంతో సొంత కారు మరమ్మతుకు డబ్బు రాదు. సొంత కారుకు కూడా బీమా ఉంటే సామాన్లు విప్పకముందే బీమా కంపెనీకి చెప్పాలి. ఫొటోలు తీసి ఉంచాలి. వాళ్ల మనిషి వచ్చి చూసిన తర్వాతే పని మొదలు పెట్టించాలి.

బీమా మొత్తం ధర ఇవ్వదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకు సగం కోస్తారు. బంపరు 4,000 రూపాయలైతే 2,000 మనమే పెట్టుకోవాలి. అద్దానికి ఆ కోత లేదు. ఇనుప సామాన్లకు కారు వయసును బట్టి కోత. అయిదేళ్లు దాటి పదేళ్ల లోపు కారుకు 40 శాతం. వీటికి తోడు ప్రతి క్లెయిములోనూ కొంత సొమ్ము సొంతదారే భరించాలి.

ఆ కుటుంబం ఏం చేసింది?

మేస్త్రీ లెక్క రాసిచ్చాడు. ఆమె చదివింది. భార్యాభర్తలు మాట్లాడుకున్నారు.

"అద్దం, లైటు కంపెనీవి తెప్పించన్నా. బంపరు బయటి కంపెనీది చాలు, పేరుండేది చూడు. బానెట్ కొట్టి సరిచెయ్యి. విప్పిన సామాన్లు మాకు చూపించు. అన్నిటికీ బిల్లు కావాలి" అంది ఆమె.

"బిల్లంటే పన్ను పడుద్దక్కా" అన్నాడు మేస్త్రీ.

"పడనియ్యన్నా. రేపు సామాను తేడా వస్తే మేం ఏం చూపించాలి?"

మేస్త్రీ నవ్వి సరేనన్నాడు. కంపెనీ సామాన్లన్నీ కొంటే అయ్యే ఖర్చు కాలేదు. ప్రాణం కాపాడే చోట తగ్గించుకోనూ లేదు.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

ముందు షాపువాళ్లను అడగాలి. వినకపోతే 1915కు ఫోను చేయాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడవచ్చు. నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లు మాత్రం ఉండాలి.

ఆలోచించండి – చెప్పండి

1. బయటి కంపెనీ సామానుకు, నకిలీ సామానుకు తేడా ఏమిటి?
2. ముందు అద్దం మీద ఏ ముద్ర చూడాలి? ఎందుకు?
3. పుట్టీ ఎక్కువ పెట్టారని ఎట్లా కనిపెడతారు?
4. మీ ఇంట్లో కుక్కరు రబ్బరు, గ్యాసు పైపు, కుట్టు మిషను సామాన్లు ఉంటాయి. వీటిలో ప్రాణం కాపాడేవి ఏవి? వాటి మీద ఏం రాసి ఉందో ఈరోజు చదివి, రేపు కేంద్రంలో చెప్పండి.