రాత్రి, స్వప్నం: ఒక ప్రతీకార్థ పరిశీలన

రాత్రి అనగానే అజ్ఞానమనీ, స్వప్నమనగానే భ్రమ అనీ అర్థం చెప్పడం మనకు పరిపాటి. ప్రతీకాత్మక రచనలలో ఈ రెండూ అంత సులభంగా లొంగవు. పగటివేళ అధికారమూ ఆచారమూ పలుకనీయని సత్యం అక్కడ రాత్రివేళ నోరు విప్పుతుంది. దాని అర్థాన్ని గ్రహించవలసిన బాధ్యత మేల్కొన్నవానిది.

ఖురాన్‌లోని 12వ అధ్యాయం యూసుఫ్ సూరాలో ఈజిప్టు రాజు ఒక కల కంటాడు. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్కచిక్కిన ఆవులు తినివేస్తాయి. ఆస్థానంలోనివారు అది అర్థంలేని కల అని త్రోసిపుచ్చగా, చెరసాలలో ఉన్న యూసుఫ్ దాని భావం విప్పి చెప్పాడు. ఏడేండ్లు పండిన పంటను వెన్నులతోనే నిలువచేస్తే, తరువాతి ఏడేండ్ల కరవును దాటవచ్చునన్నాడు. కొత్తచెరువు పరిసరాలలో వేరుసెనగ చేలు ఎండిపోవడం చూచిన విద్యార్థికి ఆ బక్క ఆవులను వివరించి చెప్పనక్కరలేదు. సింహాసనం కన్న కలకు చెరసాల అర్థం చెప్పడమే ఈ కథలోని విశేషం.

మన పెనుగొండ కోటను కూడ ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యద అవతారికలో ఒక స్వప్నాన్ని వర్ణించాడు. కళింగ దండయాత్ర సందర్భంలో, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో, ఆంధ్రవిష్ణువు కలలో సాక్షాత్కరించి గోదాదేవి పరిణయగాథను తెలుగున రచింపుమని ఆదేశించాడు. రాజు వద్దకు దైవం తానై వచ్చింది.

గుఱ్ఱం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లోని రాత్రి వేరు. అంటరానివాడని లోకం వెలివేసిన పేదవాని ఇంట గబ్బిలం రెక్కల గాలికి చిన్న దీపం ఆరిపోతుంది. ఇతని వద్దకు దైవం రాలేదు. తన గోడును శివునికి విన్నవించుమని అతడు ఆ గబ్బిలాన్నే వేడుకొన్నాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని ప్రియురాలి కోసం పంపాడు. ఈ పేదవాడు న్యాయం కోసం గబ్బిలాన్ని పంపాడు. తనకు మూసిన గుడి దానికి తెరిచే ఉంది. అపశకునమని జనం అసహ్యించుకొనే జీవి ఇచట దూత అయింది. కావున ఈ కావ్యంలో చీకటిని అజ్ఞానమనరాదు. అజ్ఞానం ఆ గుడి తలుపు మూసిన పగటిలో ఉంది.

విద్యార్థులారా! ప్రతీకను గ్రహించడానికి నిఘంటువు చాలదు. ఈ రాత్రి ఎవరిది, ఈ కలకు అర్థం చెప్పేవాడెవడు అని ప్రశ్నించుకొనాలి. యూసుఫ్ అర్థం చెప్పి ఊరకుండలేదు, గాదెలు నింపించాడు. కల విలువ తెల్లవారిన తరువాత చేసే పనిలో తేలుతుంది.