పశువు తినఁగల పాతరగడ్డిని ముందుగా లెక్కించు విధము

వేసవికై పచ్చిజొన్నను పాతరవేయు రైతు, గోయి త్రవ్వక మునుపే తన పశువులు దినమునకెంత తినునో లెక్కింపవలెను. లెక్క తక్కువైనచో వానలకు ముందే పాతర ఖాళీయగును. గోయి మితిమీఱి వెడల్పైనచో, తెఱచిన ముఖమునకు గాలి తగిలి, పశువు తినుటకు ముందే గడ్డి బూజుపట్టును.

బరువు తెలియుట: త్రాసు లేనిచోట టేపు చాలును. ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని అదే సంఖ్యచే గుణించి, భుజపు ముంగొన నుండి పిరుదెముక చివర వఱకు గల పొడవుచే మరల గుణించి, 660 చే భాగింపవలెను. వచ్చినది సుమారుగా కిలోల బరువు. చుట్టు 70, పొడవు 54 అంగుళములు గల గేదె 400 కిలోలు తూఁగును.

మేత లెక్క: పశువు ఆకలి మేతలోని నీటితో తీఱదు, నీరు పోఁగా మిగులు పొడిపదార్థముతో తీఱును. పాడిపశువు దినమునకు తన బరువులో నూటికి 2 మొదలు 3 పాళ్ల పొడిపదార్థము తినును. రెండున్నర పాళ్లని యెంచినచో పై గేదెకు 10 కిలోలు. 3 కిలోల దాణా, 2 కిలోల యెండుచొప్ప వలన నాలుగున్నర కిలోలు చేరును. తక్కిన అయిదున్నర కిలోలు పాతరగడ్డి నుండి రావలెను. నూఱు కిలోల పాతరగడ్డిలో పొడిపదార్థము 30 కిలోలున్నచో గేదె సుమారు 18 కిలోలు తినును. పాడగుదానికిని మిగులుదానికిని కలిపి 21 కిలోలు ఉంచవలెను.

లెక్క తప్పు కారణములు: పిడికిట పిండినప్పుడు నీరు కాఱినచో గడ్డిలో తడి యెక్కువ. పొడిపదార్థము 20 కిలోలే యున్నచో అంతే పోషణకు 27 కిలోలు కావలెను. కాని దుర్వాసన గల తడిమేతను పశువు అంత తినదు, పాలు తగ్గును. ముదిరిన చొప్ప కడుపులో చిరకాలము నిలిచి ఆకలిని చంపును. కావున గింజ పాలుపట్టి గట్టిపడు అదనున కోసి, సన్నముగా నఱికి పాతరవేయవలెను. ఎండలు ముదిరినపుడు, నీరు చాలనపుడు మేత తగ్గును.

గోతి కొలత: నాలుగు గేదెలకు 120 దినములకు సుమారు 10,000 కిలోలు కావలెను. బాగుగ త్రొక్కిన పాతరలో ఘనమీటరునకు 500 కిలోలని యెంచినచో 20 ఘనమీటర్ల చోటు చాలును. వేసవిలో ముఖము చెడకుండ దినమునకు 15 సెంటీమీటర్లకు తగ్గకుండ తీయవలెను. కావున మీటరు వెడల్పు, 1.1 మీటరు లోతు, 9 మీటర్ల పొడవు గల గోతులు రెండు త్రవ్వి, ఒకటి ముగిసిన పిదప రెండవది తెఱచుట మేలు.

సరిచూచుట: పై లెక్క ఆరంభమునకు మాత్రమే. మొదటి వారము కొద్దికొద్దిగా అలవాటు చేసి, తరువాత ఏడు దినములు వేసినదియు మిగిలినదియు తూఁచవలెను. గాడి నాకినట్లున్నచో మేత చాలలేదు; పదింట నొకవంతుకు మించి మిగిలినచో వేయునది తగ్గింపవలెను. ఈ యంకెలను వ్రాసియుంచిన రైతునకు మఱుసటి యేట పాతరకెంత జొన్న విత్తవలెనో తెలియును.