ఊరి నంబరు, ఈ-మెయిలు, ఆసుపత్రి వెబ్‌సైటు

పళ్ళికొండ, గుడియాత్తం, రాయవేలూరు ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఫోను విషయంలో వచ్చే చిక్కులు కొన్ని, సొంత ఊళ్ళో ఉన్నవారికి రావు. అందుచేత వాటినే ముందుగా చూద్దాము.

మన పెద్దలలో అనేకులు ఆంధ్రలో ఉన్నప్పుడు తీసుకున్న నంబరును వదిలి, ఇక్కడికి వచ్చాక తమిళనాడు నంబరు తీసుకొనియున్నారు. పాత సిమ్ము బీరువాలో పడియుంటుంది. 90 దినములు ఆ నంబరుతో ఏ వాడకమూ లేకపోతే కంపెనీ దానిని నిలిపివేయవచ్చును. కొంతకాలం తరువాత అదే నంబరు మరొకరికి వెళ్ళిపోతుంది. అయితే బ్యాంకు ఖాతాకు, ఆధారుకు, ఈ-మెయిలుకు మనం ఇచ్చినది ఆ పాత నంబరే అయితే ఏమగును? మన ఓటీపీ ముక్కూ మొహం తెలియని వారి ఫోనులో మోగుతుంది.

దీనికి మార్గం కలదు. 2015 జూలై 3 నుండి మన నంబరును దేశంలో ఏ రాష్ట్రానికైనా తీసుకొనిపోవచ్చును. ఆ నంబరు నుండి ఇంగ్లీషు అక్షరాలలో పోర్ట్ అని కొట్టి, ఖాళీ విడిచి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు మెసేజి పంపండి. ఒక కోడు వస్తుంది. దానిని, ఆధారు కార్డును పట్టుకొని మీకు కావలసిన కంపెనీ దుకాణానికి వెళ్తే చాలును. నంబరు మారదు. పాత నంబరు ఇప్పటికే పోయినవారు మొదట బ్యాంకు శాఖకు, తరువాత ఆధారు కేంద్రానికి స్వయంగా వెళ్ళి కొత్త నంబరు వ్రాయించుకొనవలెను. ఫోనులో ఎవరో అడిగితే చెప్పే పని కాదిది.

ఇక ఈ-మెయిలు. "నాకు ఈ-మెయిలు లేదండీ" అనే పెద్దవారికి కూడా చాలామందికి ఉన్నది. కొత్త ఫోను కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు ఏదో ఒక పేరుతో జీమెయిలు తెరిచి, పాస్‌వర్డు తానే పెట్టి ఇచ్చియుంటాడు. ఫోను పాడైన దినమున నంబర్లు, మనవల ఫోటోలు అన్నీ అందులో చిక్కుకొని ఉంటాయి, తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి ఫోను బాగున్నప్పుడే ఇంట్లో చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టుకొని, సెట్టింగ్స్‌లో మీ ఈ-మెయిలు పేరు ఏమిటో చూచి, పాస్‌వర్డు మార్చి, ప్రస్తుత నంబరును అందులో చేర్పించండి. పాస్‌వర్డును ఇంట్లో భద్రమైన పుస్తకంలో వ్రాసిపెట్టుకొనుట తప్పు కాదు. ఫోను కవరులో పెట్టుకొనుట మాత్రం తప్పు. రెండు సంవత్సరములు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చును. 2023 డిసెంబరు నుండి ఈ నియమం అమలులో ఉన్నది.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. కూటముల సమాచారం పదిమందికి ఒకేసారి పంపునప్పుడు అడ్రసులన్నీ బీసీసీ గడిలో వేయండి. అప్పుడు ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడదు. విషయం గడి ఖాళీగా వదలకండి. "మీటింగు" అని కాక, తేదీ, స్థలం అక్కడే వ్రాస్తే ఉత్తరం తెరవనివారికి కూడా సంగతి తెలుస్తుంది.

తెలుగు అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పవలసియున్నది. 1990లలో మన పత్రికలు, తీర్మానాలు, ఆహ్వానాలు అను ఫాంట్లలో టైపు చేయబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. కారణమేమంటే ఆ పద్ధతిలో లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరం సంఖ్యయే, పైన తొడుగు మాత్రం తెలుగు. యూనికోడు పద్ధతిలో అలా కాదు. 1991లోనే తెలుగుకు అందులో ప్రత్యేక స్థానం ఇచ్చారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేర్చారు. ఇప్పటి ఫోన్లన్నిటిలో ఉన్నది యూనికోడే. కనుక పాత ఫైళ్ళను పంపవలసివస్తే, ఫాంటు ఉన్న కంప్యూటరులోనే పీడీఎఫ్ చేసి పంపండి. దాచుకొనవలసిన పాత తీర్మానాలను మాత్రం యూనికోడులోకి మార్పించుట మంచిది, ఆ ఫాంట్లు తెలిసిన డీటీపీ వారు ఇంకా ఉన్నప్పుడే.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. తెలుగు చదవలేని పిల్లలు అనేకులు. ఈ లోటుకు ఫోను కొంత సహాయము చేయగలదు. 2017 నుండి గూగుల్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది. మన రాయవేలూరు యాస అప్పుడప్పుడు దానికి అంతుపట్టదు, పంపేముందు ఒకసారి చదివించుకోండి. మామూలు ఎస్సెమ్మెస్ అయితే తెలుగులో 70 గుర్తులకే ఒక మెసేజి నిండుతుంది. ఇంగ్లీషుకైతే 160. "స్త్రీ" అనే ఒక్క అక్షరమే ఆరు గుర్తులు!

డేటా త్వరగా అయిపోతున్నదని చాలామంది ఫిర్యాదు. వెయ్యి గుర్తుల తెలుగు ఉత్తరం సుమారు మూడు కేబీ. ఫోనుతో తీసిన ఒక ఫోటో సుమారు మూడు ఎంబీ, అనగా వెయ్యి ఉత్తరాలంత. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపితే సగం బాధ తీరుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆసుపత్రి విషయం. చిత్తూరు, తిరుపతి, కడప నుండి బంధువులు సీఎంసీకి వస్తారు. "అన్నా, అపాయింట్‌మెంటు తీసిపెట్టు" అని ముందు మనకే ఫోను చేస్తారు. కంగారులో గూగుల్‌లో వెదికి, పైన కనబడిన దానిని నొక్కకండి. పైన వచ్చేది డబ్బు కట్టి వేయించిన ప్రకటన కావచ్చును. ఆసుపత్రి సైటు అడ్రసును మీరే కొట్టండి: సి, ఎం, సి, హెచ్, చిన్న అడ్డగీత, వెల్లూర్, చుక్క, ఇ, డి, యు. అపాయింట్‌మెంటు పేజీ అడ్రసు వేరుగా ఉండవచ్చును. ఈ సైటులోని లింకు ద్వారానే అక్కడికి వెళ్ళండి. ఏ సైటునైనా పరీక్షించుటకు, అడ్రసులో మొదటి వాలుగీతకు ముందున్న చివరి భాగం చూడవలెను. అసలు పేరు ముందు ఉండి, దాని తరువాత చుక్క పెట్టి ఇంకేదో పేరు ఉన్నట్లయితే అది ఆ ఇంకొకరి సైటే. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మరాదు, మోసగాని సైటుకూ తాళం ఉంటుంది.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ను అవసరం లేదు. "రిఫండు వస్తుంది, పిన్ను కొట్టండి" అన్నారంటే మన డబ్బు వెళ్ళిపోతున్నదన్నమాట. ఒకవేళ పోయినట్లయితే సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930కు ఫోను చేయండి. ఆ సొమ్ము దొంగ ఖాతా నుండి ఇంకా తీయబడకముందు చెప్తే బ్యాంకు దానిని అక్కడే ఆపగల అవకాశమున్నది. ఫోను చేయునప్పుడు లావాదేవీ నంబరు, సమయము దగ్గర ఉంచుకొని, ఫిర్యాదు నంబరు వ్రాసుకొని, ఆ దినమే బ్యాంకు శాఖలో కాగితం మీద కూడా ఇచ్చి రశీదు తీసుకొనవలెను.