చైను సాగదు, అరుగుతుంది

భద్రాచలం,
ఆదివారం.

చిరంజీవి మనవడికి,

మీ తాత రోలెక్స్ నీ చేతికొచ్చిందనీ, చైను కీళ్లు వదులై వేలాడుతోందనీ, పెళ్లిలోపు కొత్త చైను వేయించాలని షాపుల చుట్టూ తిరుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

షాపువాళ్లు నీతో "చైను సాగింది సార్" అనే ఉంటారు. వాచీలు బాగుచేసే మేమూ అలాగే అంటాం గానీ అది అలవాటు మాట. ఉక్కు సాగదు. లింకుకీ లింకుకీ మధ్య పిన్ను ఉంటుంది, ఆ పిన్ను తిరిగే రంధ్రం ఉంటుంది. ఏళ్ల తరబడి కదిలి కదిలి పిన్ను సన్నబడుతుంది, గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది. ఒక్కో కీలు దగ్గర 0.2 మి.మీ. అరిగిందనుకో, ఇరవై కీళ్లకు 4 మి.మీ. వదులు వచ్చేసినట్టే. ఏ కీలు చూసినా తప్పు కనపడదు. అన్నీ కలిసి వేలాడతాయి. వాచీని అంచు మీద నిలిపి చైను పక్కకు చాపి చూడు. కొత్తదైతే దాదాపు తిన్నగా నిలుస్తుంది. నీది పెళ్లి పందిట్లో పూలదండలా వంగుతుంది.

మరి అంత అరుగుడు ఎక్కడిదంటావా? మీ తాత దాన్ని 1994లో గ్రానైటు సరుకు పని మీద సింగపూర్ వెళ్లినప్పుడు కొన్నాడు. తిరిగొచ్చిన మర్నాడే ఖమ్మం ఫ్యాక్టరీకి పెట్టుకెళ్లాడు. కటింగు మిషను దగ్గర నీళ్లూ రాతిపొడీ కలిసి బురదలా పారుతుంటే, అరచేత్తో పలకను తడిమి చూసి గానీ సరుకు పంపేవాడు కాదు. ఆ బురద చెమటతో కలిసి కీళ్లలోకి దూరింది. రాతిపొడిలో ఉండే పలుగురాయి రజను ఉక్కు కంటే గట్టిది. అది లోపల కూర్చుని ముప్పై ఏళ్లు ఆకురాయి పని చేసింది. తమాషా చూడు, బ్యాటరీ వాచీలను నడిపించే క్వార్ట్జ్ కూడా ఆ పలుగురాయే. సెకనుకు 32,768 సార్లు కంపించి టైము చెప్పే రాయి, పొడిగా దొరికితే వాచీ చైనునే తినేస్తుంది.

ఇప్పుడు నీ చైను సంగతి. లాకు దగ్గరి పట్టీ లోపలివైపు చూస్తే 62510హెచ్ అని, వాచీ గూడుకు ఆనుకునే చివరి ముక్కల మీద 555 అని చెక్కి ఉండాలి. ఈ అయిదు వరసల లింకుల నమూనాను జూబ్లీ అంటారు. 1945లో డేట్‌జస్ట్ వాచీతో పాటే వచ్చింది. 1994 నాటి చైనులో బయటి లింకులు గట్టివే గానీ మధ్య ముక్కలు బోలుగా ఉంటాయి, లాకు పల్చటి రేకు. ఇప్పుడొచ్చే వాటిలో అన్నీ గట్టి లింకులే. పల్చన కాబట్టే మీ తాతకు చేతి మీద ఉన్నట్టే తెలిసేది కాదు, పల్చన కాబట్టే త్వరగా అరిగింది. బంగారం ఇంకా మెత్తన. అందుకే రోలెక్స్ కంపెనీయే ప్రెసిడెంట్ అనే నమూనా కొత్త బంగారు చైన్లలో లింకుల లోపల సిరామిక్ గొట్టాలు పెడుతోంది. అరుగుడు తప్పదని తయారుచేసేవాడికే తెలుసు.

బాగు చేయించడమా, మార్చడమా అని తేల్చుకునే ముందు ఒక పని ఈ వారమే చెయ్యి. గూడుకూ చైనుకూ మధ్య ఉండే స్ప్రింగు పిన్నులు రెండూ కొత్తవి వేయించు. లాకు గట్టిగా పడుతోందో లేదో చూపించు. ఎందుకు తొందరపెడుతున్నానో విను. 2015 పుష్కరాలప్పుడు ఒకాయన భద్రాచలం వెళుతూ ఖమ్మంలో నా షాపులో ఆగి, మంచి వాచీ ఒకటి చైను మెరుగు పెట్టమని ఇచ్చాడు. అద్దంలా మెరిసేట్టు చేసి ఇచ్చాను. రెండో రోజు వట్టి చేత్తో వచ్చాడు. గోదావరిలో మూడో మునకకు పిన్ను జారిందట. చైను వదులుగా ఉన్నంత మాత్రాన వాచీ పోదు, పోయేది పిన్ను దగ్గరా లాకు దగ్గరా. పైపై మెరుపు చూశాను, పిన్ను ఊడదీసి చూడలేదు. తప్పు నాదే. డబ్బు తీసుకోమన్నా ఆయన తీసుకోలేదు. అది ఇంకా బరువు.

అందుకే మెరుగు జోలికి పోకు. మెరుగు పెట్టడమంటే పైపొర గీకేయడమే. మీ నాయనమ్మ గొలుసు మెరుగుకిచ్చిన ప్రతిసారీ తరుగు పోయిందని సణిగేది, గుర్తుందా? ఉక్కుకీ అదే లెక్క. గీతలు ఉంటే ఉండనీ.

తర్వాత కడుగు. చైను వాచీ నుంచి విడదీయించి, ఇక్కడి సంతలో కోయ ఆడవాళ్లు అమ్మే కుంకుళ్లు నాలుగు నానబెట్టి, గోరువెచ్చని రసంలో ఓ గంట ఉంచి, మెత్తటి పళ్ల బ్రష్‌తో కీలు కీలూ తోము. మీ అమ్మతో కుంకుళ్లు పంపుతాను. నీళ్లు నల్లగా దిగుతాయి, భయపడకు, అది మీ తాత ఫ్యాక్టరీయే. మురికి దట్టంగా ఉన్నప్పుడు చైను బిగువుగా అనిపిస్తుంది. కడిగాక ఇంకాస్త వదులవుతుంది. అసలు అరుగుడు ఎంతో అప్పుడే తెలుస్తుంది. నూనె మాత్రం వెయ్యకు, అది దుమ్మును పిలిచి పీట వేస్తుంది.

ఇక బాగుచేత. పుస్తెలతాడు తెగితే కంసాలి మాటు వేస్తాడు, ఎవరూ కొత్తది కొనరు. అయితే ఉక్కు చైను ఆ మంటకు పనికిరాదు. రంగు మారుతుంది, పట్టు ఉండదు. తెలిసిన పనివాడు లింకులన్నీ విప్పి, కోలబడిన రంధ్రాన్ని లేజర్‌తో నింపి మళ్లీ తొలుస్తాడు. లేదా రంధ్రాన్ని సరిచేసి లోపల సన్న గొట్టం దిగ్గొట్టి కొత్త పిన్ను వేస్తాడు. జూబ్లీలో విప్పదీయగల మరలు కొన్ని లింకులకే ఉంటాయి, మిగతావి బిగించేసినవే. కాబట్టి పని నిదానం, ఖర్చూ ఎక్కువే. ఎవరైనా "అరగంటలో చేసిస్తా" అంటే రెండు లింకులు తీసి పొట్టి చేస్తాడని అర్థం. అది బాగుచేత కాదు, నడుం సన్నబడిందని ప్యాంటు కాళ్లు కత్తిరించడం. ఇలాంటి పని చేసే చోటికి ఇస్తే, ముందు వాళ్లు చేసిన వేరే చైను ఒకటి చూపించమను.

కంపెనీ సర్వీసుకు వెళితే చాలావరకు మార్చమనే అంటారు. వాళ్లది తప్పనను. రోజూ పెట్టుకుని తిరిగేవాడికి కొత్త చైనే నిశ్చింత. మార్చేటట్టయితే పాతది నీకు తిరిగివ్వాలని ముందే కాగితం మీద రాయించుకో. బజార్లో దొరికే నకలు చైను వద్దు. దాని చివరి ముక్కలు గూడుకు సరిగా కూర్చోవు, కదులుతూ, పిన్నును పట్టుకునే గూడు చెవులను గీకుతాయి. చైను పోతే చైను దొరుకుతుంది, గూడు చెవి అరిగితే అతకడం గండం.

నా సలహా ఇది. పెళ్లికి మంచి తోలు పట్టీ వేసి పెట్టుకో. హడావిడిలో చెయ్యెవరు లాగుతారో, ఎటు విసురుతావో తెలీదు. చైను పెళ్లయ్యాక నిదానంగా బాగు చేయించు. తయారయ్యాక వేలు దూరేంత సందు ఉండేట్టు కొలత పెట్టించు. వదులుగా జారే చైనే ఎక్కువ అరుగుతుంది. మీ తాత అలాగే పెట్టుకునేవాడు, గాజులా. నేను ఎన్నిసార్లు చెప్పినా "నువ్వు వాచీల డాక్టరువి, నాక్కాదు" అనేవాడు.

ఇంకొక సంగతి. కొత్తలో మీ తాత మణికట్టుకు సరిపెట్టడానికి మూడు లింకులు తీసింది నేనే. నిరుడు జబ్బు చేసి చెయ్యి చిక్కిపోయినప్పుడు మరో రెండు తీసిందీ నేనే. అన్నీ ఒక ఫిల్ము డబ్బీలో ఉన్నాయి. మొన్న వాటిని కంటి అద్దం కింద పక్కపక్కన పెట్టాను. మొదటి మూడింటి రంధ్రాలు సూదితో పొడిచినట్టు గుండ్రంగా ఉన్నాయి. తర్వాతి రెండూ కోడిగుడ్డులా ఉన్నాయి. ముప్పై ఏళ్లు పని చేసిన చెయ్యి ఎంతో ఆ రెంటి మధ్య తేడా అంత. నీ పనివాడికి అయిదూ చూపించు. రంధ్రం అసలు కొలతేమిటో మొదటి మూడూ చెబుతాయి, ఎంత నింపాలో తర్వాతి రెండూ చెబుతాయి.

డబ్బీ మీ అమ్మ చేతికి ఇస్తున్నాను. నీ చెయ్యి మీ తాత చెయ్యి కంటే లావు, పైగా బాగుచేశాక చైను బిగుస్తుంది, రెండు లింకులైనా కలపాల్సి వస్తుంది. ఏ రెండు కలపాలో నీ ఇష్టం. పిన్నులు మాత్రం కొత్తవే వేయించు.

పైలం బిడ్డా.

ఇట్లు,
మీ చిన్నతాత